సూర్యాపేట కర్నల్

గత సంచికలో వనపర్తి సంస్థానం దగ్గర ఆగాం. రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ రౌతులు నిజాం కొలువుకు చేరడం, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు వాళ్ల పేరే మిగలడం చూశాం. వరుస ప్రకారమైతే ఇప్పుడు గద్వాల కథ రావాలి. దాన్ని పక్కనపెట్టి ఒక్కసారిగా నూటయాభై ఏళ్లు ముందుకు వస్తున్నాను. సంస్థానాల సైన్యాల గురించి ఇన్ని వారాలు చెప్పుకున్నాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. సొంత దేశపు సైన్యంలోకి ఈ మెట్ట జిల్లాల నుంచి ఎవరు వెళ్లారు, ఎలా వెళ్లారు? దానికి జవాబు సూర్యాపేటలో ఉంది. కానీ కథ మాత్రం బీజింగ్‌లో మొదలుపెట్టాలి.

1993 సెప్టెంబరు 7. ప్రధాని పీవీ నరసింహారావు చైనా పర్యటనలో ఉన్నారు. ఆయన, చైనా ప్రధాని లీ పెంగ్ చూస్తుండగా రెండు దేశాల ప్రతినిధులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. వాస్తవాధీన రేఖ వెంట శాంతి కాపాడాలి, బలప్రయోగం చేయకూడదు, బెదిరించకూడదు అన్నది దాని సారం. మూడేళ్ల తర్వాత, 1996 నవంబరు 29న, ఢిల్లీలో దానికి కొనసాగింపు వచ్చింది. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదు, పేలుళ్లు చేయకూడదు, తుపాకీతో వేటాడకూడదు కూడా. జింకను కొట్టినా తుపాకీ మోతే కదా, అవతలివాడు ఏమనుకుంటాడోనన్న జాగ్రత్త. పాత కరీంనగర్ జిల్లా వంగర మనిషి హయాంలో పునాది పడిన ఈ ఏర్పాటు పాతికేళ్లకు పైగా నిలబడింది. 2020లో గల్వాన్ లోయలో అది విఫలమైన రాత్రి అక్కడ పటాలాన్ని నడిపినవాడు కూడా తెలంగాణవాడే కావడం చరిత్ర చేసే చిత్రాల్లో ఒకటి. బీజింగ్‌లో సంతకాలు జరిగిన రోజుల్లో ఆయన, అంటే బిక్కుమళ్ల సంతోష్ బాబు, ప్రాథమిక పాఠశాల దాటుతున్న పిల్లవాడు.

పంజాబ్‌లోనో గఢ్వాల్‌లోనో పిల్లవాడు సైన్యంలోకి వెళ్లాడంటే ఎవరూ ఎందుకని అడగరు. సూర్యాపేట వాడు వెళ్లాడంటే అడగాలి. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసు సైన్యం నిండా తెలుగువాళ్లుండేవారు. 1880ల తర్వాత తెల్లదొరలు యుద్ధజాతుల సిద్ధాంతం పట్టుకుని ఉత్తరాదికి మళ్లారు. దక్షిణాది వాళ్లు మెత్తనివాళ్లని, సిపాయి పనికి రారని రాసిన వాళ్లలో మద్రాసు సైన్యాధిపతిగా చేసిన రాబర్ట్స్ దొర ముఖ్యుడు. మన ఈ మెట్ట జిల్లాలు అసలు బ్రిటిష్ ఏలుబడిలోనే లేవు. నిజాం సైన్యంలో అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు, హబ్షీలు ఉండేవారు. నల్లగొండ రైతు బిడ్డకు అందులో దొరికిన చోటు బహు తక్కువ.

ఇక్కడో తమాషా సంగతి. భారత సైన్యంలో ఒకప్పుడు 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఉండేది. పరమవీర చక్ర అందుకున్న తొలి వీరుడు మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరింది ఆ రెజిమెంట్‌లోనే. పేరు హైదరాబాద్‌దే గానీ, తర్వాతి రోజుల్లో అందులో చేరిన సిపాయిల్లో ఎక్కువమంది కుమావూ కొండల వాళ్లు, జాట్లు, అహీర్లు. 1945లో పేరు కూడా మార్చుకుని కుమావూ రెజిమెంట్ అయిపోయింది. నిజాం సొంత అశ్వదళం హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసి, విలీనం తర్వాత పూనా హార్స్‌కు వెళ్లిన అర్దేశిర్ తారాపూర్ 1965 యుద్ధంలో సియాల్‌కోట్ దగ్గర ట్యాంకులు నడుపుతూ చనిపోయి పరమవీర చక్ర పొందారు. ఆయన పార్సీ. అలా హైదరాబాద్ పేరు సైన్యం చరిత్రలో బాగానే మెరిసింది. తెలంగాణ పల్లెలకు మాత్రం ఆ మెరుపుతో చుట్టరికం లేదు.

ఈ పల్లెలకు యూనిఫాంతో ఉన్న అనుభవం వేరు. మొదట నిజాం పోలీసు, తర్వాత రజాకారు. 1948 సెప్టెంబరు 13 పొద్దున భారత సైన్యం బెజవాడ రోడ్డు మీదుగా కోదాడలోకి వచ్చింది, మధ్యాహ్నానికి మునగాల చేరింది. ఆ వెంటనే సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు మూసీ వంతెన పేల్చేస్తే, దాన్ని సరిచేసుకుని ముందుకు సాగారు. ఐదు రోజుల్లో నిజాం పని అయిపోయింది. ఊళ్లలో జనం దండలు వేశారు. కానీ ఆ దండలు వాడకముందే అదే సైన్యం కమ్యూనిస్టు దళాల కోసం ఊళ్లు గాలించడం మొదలుపెట్టింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా ఈ తాలూకాల్లో మిలిటరీ క్యాంపులున్నాయి. సూర్యాపేట పక్కన కరివిరాల నుంచి వచ్చిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టింది ప్రభుత్వాల మీద. పాత తరం ఇళ్లలో ‘మిలిటరీ వచ్చింది’ అంటే తలుపు గడియ పెట్టుకోమని. ఈ నేల వీరుల జాబితాలో మొదటి పేర్లు తిరుగుబాటుదారులవి. సైనికుడికి అందులో చోటు దొరకడానికి దాదాపు మూడు తరాలు పట్టింది.

సంతోష్ బాబు తండ్రి బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యంలో చేరాలనుకున్నానని, అది కుదరలేదని, అందుకే కొడుకును ఆ దారిలో పెట్టానని ఆయన తర్వాత విలేకరులకు చెప్పారు. ఆ దారి సూర్యాపేటలో లేదు. ఆ మాటకొస్తే తెలంగాణలోనే లేదు. వందల కిలోమీటర్ల అవతల, విజయనగరం దగ్గర కోరుకొండలో ఉంది. విజయనగరం పూసపాటి వంశానికి చెందిన పీవీజీ రాజు ఇచ్చిన కోటలో 1962 జనవరి 18న అక్కడ సైనిక పాఠశాల తెరిచారు. రక్షణ మంత్రిగా కృష్ణ మీనన్ మొదలుపెట్టిన సైనిక పాఠశాలల్లో ఇది తొలినాటిది. రాజుల, జమీందార్ల పిల్లలకే పరిమితమైన ఆఫీసరు కొలువును మామూలు ఇళ్ల పిల్లలకు అందుబాటులోకి తేవడం ఆ పాఠశాలల ఉద్దేశం. ఆ పని రాజుగారి కోటలోనే జరగడం నాకు భలే నచ్చుతుంది.

ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. పదేళ్ల పిల్లవాడు తల్లిని వదిలి హాస్టల్‌కు పోవాలి. పొద్దున్నే పీటీ, సాయంత్రం ఆటలు, మధ్యలో చదువు. పన్నెండో తరగతి దాకా అలా గడిచాక యూపీఎస్సీ పెట్టే ఎన్డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) పరీక్ష, అది గట్టెక్కితే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ. పుస్తకాల్లో మేటి అయినవాళ్లు కూడా ఈ ఐదు రోజుల్లో వెనుదిరుగుతారు. అక్కడ చూసేది జ్ఞాపకశక్తిని కాదు, తెలియని పదిమందితో కలిసి ఒక దుంగను గోడ అవతలికి ఎలా చేర్చగలడన్నది. సంతోష్ బాబు అన్నీ దాటి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, డెహ్రాడూన్‌లో ఏడాది శిక్షణ ముగించుకుని 2004 డిసెంబరులో 16వ బిహార్ బెటాలియన్‌లో లెఫ్టినెంట్‌గా చేరారు.

తెలుగు ఆఫీసరు, బిహార్ రెజిమెంట్. ఆఫీసర్ల విషయంలో ప్రాంతం పట్టింపు ఉండదు. ఏ రెజిమెంట్ వస్తే దాని భాష, దాని దేవుళ్లు, దాని యుద్ధనినాదం ఆఫీసరువి అయిపోతాయి. 1941లో ఏర్పడ్డ బిహార్ రెజిమెంట్‌కు రెండు నినాదాలు. ఒకటి ‘జై బజరంగ్ బలీ’, రెండోది ‘బిర్సా ముండా కీ జై’. బ్రిటిష్ వాళ్లను ఎదిరించి జైల్లో చనిపోయిన ఆదివాసీ నాయకుడి పేరు ఇవాళ సైన్యం నినాదం. తిరుగుబాటుదారుల జిల్లా నుంచి వెళ్లిన ఆఫీసరుకు అక్కడ ఇబ్బందేమీ ఉండి ఉండదు. జమ్మూ కశ్మీర్‌లో పనిచేశారు. ఐక్యరాజ్య సమితి శాంతిసేనతో కాంగో వెళ్లారు. 2019 చివర్లో కర్నల్ హోదాలో అదే 16వ బిహార్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. లెఫ్టినెంట్‌గా అడుగుపెట్టిన పటాలానికే అధిపతి కావడం ఏ పదాతిదళ ఆఫీసరుకైనా కలల్లోకెల్లా పెద్ద కల. భార్య, ఇద్దరు పిల్లలు ఢిల్లీలో. హైదరాబాద్‌కు బదిలీ వచ్చిందని, కరోనా లాక్‌డౌన్ వల్ల కదలిక ఆగిందని ఇంట్లోవాళ్లు ఆ తర్వాత చెప్పారు.

ఇప్పుడు గల్వాన్. లేహ్‌కు చెందిన గులాం రసూల్ గల్వాన్ అనే బిడారు మనిషి పేరు మీద ఆ నదికి ఆ పేరు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దొరల అన్వేషణ యాత్రల వెంట గుర్రాలు, సామాన్లు తోలుకుంటూ ఆ కనుమలన్నీ తిరిగినవాడు. 1923లో తన జీవితకథ అచ్చయింది కూడా. పటం మీద దొరల పేర్లే ఎక్కే రోజుల్లో ఒక కూలి మనిషి పేరు ఎక్కడం అరుదు. గల్వాన్ తూర్పు నుంచి వచ్చి ష్యోక్ నదిలో కలుస్తుంది. సుమారు 14,000 అడుగుల ఎత్తు. లోయ ఇరుకు, రెండు పక్కలా నిట్టనిలువు మట్టిరాళ్ల కొండలు, చెట్టన్నది కనిపించదు. నల్లగొండలో రోహిణి కార్తె ఎండకు తారు కరిగే రోజుల్లో అక్కడి నీళ్లు అప్పుడే కరిగిన మంచు.

ఈ లోయకు పాత గాయం ఉంది. 1962 జూలైలో ఇక్కడి గూర్ఖా పోస్టును చైనా సైన్యం చుట్టుముట్టింది. అక్టోబరు 20న యుద్ధం మొదలైన రోజే మన పోస్టు పడిపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు లోయ మూగగా ఉండిపోయింది. ష్యోక్ పక్కగా దర్బూక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు మనం పూర్తి చేశాక కథ మారింది. ఆ దారిలోనే ష్యోక్ మీద 2019 అక్టోబరులో ప్రారంభమైన వంతెనకు కర్నల్ చెవాంగ్ రించెన్ పేరు పెట్టారు. ఆయన లద్దాఖీ. 1948లో ఒకసారి, 1971లో ఇంకోసారి, రెండుసార్లు మహావీర చక్ర అందుకున్న వీరుడు. రోడ్డు వచ్చాక ఆ దారిని పైనుంచి చూడగలిగే ప్రతి గుట్టకూ విలువ పెరిగింది.

2020 మే 5న పాంగాంగ్ సరస్సు దగ్గర రెండు సైన్యాలు కలబడ్డాయి. గల్వాన్‌లోనూ గుడారాలు లేచాయి. జూన్ 6న చుషూల్ దగ్గర కోర్ కమాండర్ల స్థాయి చర్చలు జరిగాయి. దశలవారీగా వెనక్కి జరుగుదామన్నారు. మాటలు లేహ్ జనరల్ మాట్లాడతాడు, అవి నేల మీద అమలవుతున్నాయో లేదో చూడాల్సింది అక్కడి బెటాలియన్. ఆ బెటాలియన్ 16వ బిహార్. 14వ నంబరు గస్తీ పాయింట్ దగ్గర చైనా వాళ్లు వేసిన గుడారం తీసేస్తామన్నారు, తీయలేదు.

జూన్ 14 ఆదివారం సంతోష్ బాబు సూర్యాపేటకు ఫోన్ చేశారు. టీవీలో వస్తున్న వార్తల గురించి తల్లి అడిగితే, ఆ సంగతులు ఫోన్లో చెప్పేవి కావని, వచ్చాక మాట్లాడుకుందామని దాటవేశారట. మరునాడు సాయంత్రం ఆయన తన మనుషులతో ఆ పాయింట్‌కు వెళ్లారు. ఇలాంటి పనికి మేజర్‌నో కెప్టెన్‌నో పంపవచ్చు. తప్పుపట్టేవాళ్లు లేరు. పటాలం మొత్తానికి బాధ్యుడైన మనిషి తానే ముందు నడవడంలో అవతలి వాళ్లకు ఒక కబురు కూడా ఉంది: మాట్లాడదలిస్తే నాతోనే మాట్లాడండి, నాకు పైన ఇక్కడ ఇంకెవరూ లేరు.

మాట పెరిగింది. ఎవరు ముందు చెయ్యి వేశారన్నదానిపై ఢిల్లీది ఒక కథనం, బీజింగ్‌ది ఇంకొకటి. రేఖకు మన వైపు చైనా కట్టడం కట్టబోయిందని, ముందుగా అనుకున్న పథకం ప్రకారమే హింసకు దిగిందని మన విదేశాంగ మంత్రి చైనా మంత్రితో ఫోన్లో చెప్పారు. మీవాళ్లే రేఖ దాటారని వాళ్లన్నారు. అధికారిక ప్రశంసాపత్రంలో ఉన్నది ఇది. శత్రువు ఎదురుగా ఉండగా పరిశీలన పోస్టు ఏర్పాటు చేయడం సంతోష్ బాబుకు అప్పగించిన పని. దాన్ని ఆయన పూర్తి చేశారు. ఆ చోటును నిలబెట్టుకుంటుండగా అవతలివాళ్లు పదునైన ఆయుధాలతో వచ్చిపడ్డారు, పక్క గుట్టల మీంచి రాళ్లు కురిపించారు. సంఖ్యలో వాళ్లు చాలా ఎక్కువ. తీవ్రంగా గాయపడ్డాక కూడా ఆయన వెనక్కి పోలేదు. చివరి శ్వాస దాకా ముందు వరుసలోనే ఉండి మనుషులను నడిపించారు.

తుపాకులు లేకుండా పంపారా అని ఆ వారం దేశమంతా అడిగింది. ఆయుధాలున్నాయని, సరిహద్దు విధుల్లో ఉన్న సైనికులు పోస్టు దాటితే ఆయుధాలతోనే వెళ్తారని, ఆ రాత్రి కూడా అలాగే వెళ్లారని విదేశాంగ మంత్రి జైశంకర్ జూన్ 18న జవాబిచ్చారు. 1996, 2005 ఒప్పందాల ప్రకారం ఎదురుపడినప్పుడు వాటిని వాడకపోవడం ఆనవాయితీ. అంటే భుజాన తుపాకీ ఉంది, ఎదుట మేకులు కొట్టిన ఇనుప రాడ్లున్నాయి, మధ్యలో ఒక ఒప్పందం ఉంది. తుపాకీ ఉన్నవాడు దాన్ని పేల్చకుండా గంటల తరబడి చేతులతో కొట్లాడటం ఎలాంటి క్రమశిక్షణో సైన్యం బయటివాళ్లకు ఊహించడం కష్టం. ఆ క్రమశిక్షణ సరైనదేనా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. నా లెక్కలో ఆ ప్రశ్న వేయాల్సింది ఒప్పందాలు రాసేవాళ్లను, పాటించినవాళ్లను కాదు.

చీకట్లో, ఇరుకు గట్ల మీద, కింద గడ్డకట్టించే నీళ్లు. గాయాలతో పాటు ఆ చలి కూడా మనుషులను తీసుకుపోయింది. జూన్ 16 మధ్యాహ్నం సైన్యం మొదట చెప్పింది ముగ్గురి మరణం గురించి: ఒక ఆఫీసరు, ఇద్దరు జవాన్లు. రాత్రికి ఆ లెక్క ఇరవై అయింది. సున్నాకు దిగువన ఉన్న చలిలో గాయపడి పడివున్న మరో పదిహేడు మంది దక్కలేదని ప్రకటించారు. చైనా సరిహద్దు ఘర్షణలో మన సైనికులు ప్రాణాలు పోగొట్టుకోవడం 1975లో తులుంగ్ లా కనుమ ఘటన తర్వాత ఇదే మొదటిసారి.

ఆ ఇరవై మందిలో సూర్యాపేట ఒక్కటే లేదని మనం మరిచిపోతుంటాం. నాయిబ్ సుబేదార్ నుదూరామ్ సోరెన్ ఒడిశా మయూర్‌భంజ్ సంతాలీ. హవల్దార్ పళని తమిళనాడు రామనాథపురం మనిషి, ఫిరంగి దళం వాడు. సిపాయి గుర్తేజ్ సింగ్ పంజాబ్ కుర్రవాడు. నాయక్ దీపక్ సింగ్ మధ్యప్రదేశ్‌లోని రీవా వాడు, వైద్య సహాయకుడు. ఆయన చేతిలో ఉన్నది కట్టుగుడ్డల సంచి. తనకు దెబ్బలు తగిలాక కూడా ముప్ఫై మందికి పైగా గాయాలు కట్టి ఆ తర్వాత చనిపోయారు. ఈ నలుగురికీ మరణానంతరం వీర చక్ర వచ్చింది. బతికి వచ్చిన హవల్దార్ తేజిందర్ సింగ్‌కూ వచ్చింది.

కబురు ఢిల్లీలో భార్యకు ముందు తెలిసింది, సూర్యాపేట ఇంటికి తర్వాత. కొడుకు పోయినందుకు దుఃఖంగా ఉంది, దేశం కోసం పోయినందుకు గర్వంగానూ ఉందని ఆ తల్లి కెమెరాల ముందు అన్నారు. ఆ రెండో వాక్యమే టీవీలన్నీ పట్టుకున్నాయి. మొదటిదాన్ని వదిలేశాయి.

జూన్ 17 సాయంత్రం భౌతికకాయం హకీంపేట వైమానిక స్థావరానికి వచ్చింది. గవర్నర్, మంత్రులు నివాళులర్పించారు. అక్కడి నుంచి విజయవాడ రహదారి మీద అర్ధరాత్రికి సూర్యాపేట. 1948లో సైన్యం వచ్చిన రోడ్డు ఇదే, కాకపోతే అప్పుడు ఎదురు దిక్కు నుంచి. కరోనా భయం ముమ్మరంగా ఉన్న రోజులు. జనం గుమికూడకూడదు, అంత్యక్రియలకు కొద్దిమందినే అనుమతించారు. అయినా మర్నాడు పొద్దున ఊరు ఊరంతా మాస్కులు కట్టుకుని వీధుల్లో, మేడల మీద నిలబడింది. పూలు చల్లారు. ఒకప్పుడు మిలిటరీ బండి చప్పుడు వింటే గడియ పెట్టుకున్న ఊరు, మిలిటరీ బండి వెంట నడిచింది. పట్టణానికి దగ్గర్లోని కేసారంలో, కుటుంబానికి చెందిన పొలంలో, సైనిక లాంఛనాలతో తండ్రి చితికి నిప్పుపెట్టారు.

ఈ ధారావాహిక మొదటి నుంచీ చదువుతున్నవారికి మన ఊళ్ల పొలిమేరల్లో కనిపించే వీరగల్లుల సంగతి గుర్తుండే ఉంటుంది. రాతి పలకను మూడు అరలుగా చెక్కుతారు. కింది అరలో పోరు, నడిమి అరలో వీరుణ్ణి తీసుకుపోతున్న అప్సరసలు, పై అరలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు. రాయి పాతడంతో పాటు రాజు ఆ ఇంటికి మాన్యం భూమి ఇచ్చేవాడు. వీరుణ్ణి పోగొట్టుకున్న ఇంటికి కూడు పెట్టే బాధ్యత తనదని ఒప్పుకోవడం అది. జూన్ 22న అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖర్ రావు సూర్యాపేట వెళ్లి 5 కోట్ల రూపాయల సాయం అందించారు. సంతోష్ బాబు భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, బంజారాహిల్స్‌లో 711 గజాల ఇంటి స్థలం ఇచ్చారు. ఆమె డిప్యూటీ కలెక్టర్ అయ్యారు. మిగతా పందొమ్మిది మంది కుటుంబాలకు, వాళ్లది ఏ రాష్ట్రమైనా సరే, తలా 10 లక్షలు ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి, 2021 జూన్ 15న, సూర్యాపేట కోర్టు చౌరస్తాలో నిలువెత్తు విగ్రహం వెలిసింది, చౌరస్తాకు ఆయన పేరు పెట్టారు. శాసనాల కాలం నుంచి పద్ధతి పెద్దగా మారలేదు: రాయి, భూమి, పేరు. ఈసారి మాన్యం భార్య చేతికి ఉద్యోగంగా కూడా వచ్చింది. పాత వీరగల్లుల కాలంలో అది లేదు. అప్పట్లో వీరుడి భార్యకు చాలాచోట్ల చితే దిక్కు, ఆమె రాయి పక్కనే ఉంటుంది, చెయ్యి ఎత్తి.

సంతోష్ బాబుకు మహావీర చక్రను 2021 గణతంత్ర దినోత్సవం ముందురోజు ప్రకటించారు. కార్గిల్ తర్వాత ఆ పతకం ఎవరికైనా రావడం అదే మొదటిసారి. యుద్ధం ప్రకటించలేదు కదా, యుద్ధకాలపు పతకం ఎలా ఇచ్చారని అడిగినవాళ్లున్నారు. శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇచ్చేది అది. యుద్ధ ప్రకటన దానికి షరతు కాదు. గుండ్రని వెండి పతకం, మీద అయిదు కోణాల నక్షత్రం, దాని నడుమ జాతీయ చిహ్నం. వెనక హిందీలో, ఇంగ్లీషులో పతకం పేరు, రెండు తామరపూలు. పట్టీ సగం తెలుపు, సగం నారింజ. 2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా తల్లి, భార్య కలిసి అందుకున్నారు. పేరు పిలిచి ప్రశంసాపత్రం చదువుతున్నంతసేపూ ఇద్దరూ నిటారుగా నిలబడి ఉన్నారు. ఆ వీడియో చూసినవాళ్లకు ఆ నిలబడటం గుర్తుండిపోతుంది.

తండ్రికి మాత్రం నూటికి నూరు పాళ్లు తృప్తి కలగలేదు. తన కొడుకు చేసినదానికి పరమవీర చక్ర రావాల్సిందని ప్రకటన వెలువడిన రోజే అన్నారు. ఈ మాటను కొందరు తప్పుపట్టారు. నాకు తప్పనిపించలేదు. పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికి వచ్చింది, చివరి నాలుగూ కార్గిల్‌వి. అందులో ఒక్క తెలుగువాడూ లేడు. కార్గిల్‌లోనే ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్యను హైదరాబాద్ తనవాడిగా చెప్పుకుంటుంది, కానీ ఆయన కుటుంబం ఒడిశాది. అలాగని ప్రాంతాల వారీగా పంచిపెట్టడానికి అవి పతకాలు, రేషన్ కార్డులు కావు. పటాలం నుంచి సిఫారసు వెళ్లాలి, కళ్లతో చూసినవాళ్లు సాక్ష్యం చెప్పాలి, పై అంచెలన్నీ దాన్ని తూచాలి. ఆ రాత్రి చూసినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. తూచేవాళ్ల కష్టం తూచేవాళ్లది. అడిగే హక్కు మాత్రం చితికి నిప్పుపెట్టిన తండ్రిది.

అవతలి పక్క లెక్క ఎనిమిది నెలల తర్వాత బయటికి వచ్చింది. తమవాళ్లు నలుగురు చనిపోయారని 2021 ఫిబ్రవరిలో చైనా ప్రకటించింది. ఆ సంఖ్యను మన దగ్గర నమ్మినవాళ్లు తక్కువ. ఆ రాత్రి గాయపడిన చైనా రెజిమెంటల్ కమాండర్ చీ ఫాబావో చేతికి 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ జ్యోతి ఇచ్చారు. ఆ పోటీల ఆరంభ, ముగింపు వేడుకలకు మన దౌత్యవేత్తలు వెళ్లలేదు. వీరుణ్ణి ఊరేగించడం రెండు వైపులా జరిగింది, వాళ్లు దాన్ని ప్రపంచం ముందు చేశారు.

గల్వాన్‌లో 2020 జూలై నాటికి ఇరు సైన్యాలూ వెనక్కి జరిగాయి, నడుమ ఎవరూ గస్తీ తిరగని ఖాళీ జాగా ఏర్పడింది. ష్యోక్ పక్కన 120వ కిలోమీటరు పోస్టు దగ్గర ఇరవై పేర్లతో స్మారకం కట్టారు. గత్యంతరం లేని పరిస్థితుల్లో తుపాకీ వాడుకునే స్వేచ్ఛ క్షేత్రస్థాయి కమాండర్లకు ఇచ్చారు. 1993 నుంచి అల్లుకుంటూ వచ్చిన కట్టుబాటు అదే ఏడాది సెప్టెంబరు 7న పాంగాంగ్ దక్షిణపు ఒడ్డున తెగింది. గాల్లోకి కాల్పులు జరిగాయి. నలభై అయిదేళ్లలో వాస్తవాధీన రేఖ మీద తుపాకీ మోగడం అదే మొదలు. సరిగ్గా ఇరవై ఏడేళ్ల కిందటి ఆ తేదీనే పీవీ బీజింగ్‌లో ఉన్నారన్నది ఎవరూ పట్టించుకోలేదు.

తెలంగాణకు సొంత సైనిక పాఠశాల కోసం అడగడం ఆగలేదు. వరంగల్‌కు మంజూరైందన్న మాట ఏళ్లుగా వింటున్నాం. ఈలోగా పాత నల్లగొండలోని భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ ఆడపిల్లల కోసం సైనిక సన్నాహక డిగ్రీ కళాశాల తెరిచింది. కూలీల, చిన్న రైతుల బిడ్డలు అక్కడ డిగ్రీతో పాటు డ్రిల్లు, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ నేర్చుకుంటున్నారు. ఈ జిల్లాల సైనిక చరిత్రలో తర్వాతి అధ్యాయం రాయాల్సి వస్తే అది వాళ్ల గురించే అవుతుందని నా అంచనా.

వచ్చే సంచికలో మళ్లీ వెనక్కి, పదిహేనో శతాబ్దానికి. ఫిరోజ్ షా బహమనీ నెలల తరబడి ముట్టడించి చేతులు కాల్చుకున్న పానగల్లు కోట. ఆ పానగల్లు నల్లగొండ పక్కనున్నదా, పాలమూరులోనిదా అని పండితులు ఇంకా తగవు పడుతున్నారు. ఆ తగవుతోనే మొదలుపెడదాం.